హెర్గ్ యాంటీబాడీ: 155 బ్యాండు రావట్లేదు, వెల్ దగ్గర మసక మాత్రం వస్తోంది

చిన్నబ్యాండు
హెర్గ్ (గుండెలో ఉండే పొటాషియం చానెల్) జీను శాశ్వతంగా పెట్టిన హెచ్‌ఈకే293 సెల్స్ (స్టేబుల్ లైను) పగలగొట్టి తీసిన లైసేట్ మీద వెస్టర్న్ బ్లాటు (ప్రోటీన్లని జెల్లో సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ మీదకి దాటించి, యాంటీబాడీతో చూడటం) చేస్తున్నా. యాంటీబాడీ కుందేలు పాలీక్లోనల్, చానెల్ సీ-టెర్మినల్ కొస మీద తయారుచేసింది, 1:200 వేశా. రావాల్సినవి 135 (ముడి రూపం), 155 (పొర మీదకి చేరిన పండిన రూపం) కిలోడాల్టన్ల దగ్గర రెండు బ్యాండ్లు. వచ్చినవి ఇవి: 135కి కాస్త కింద పలచటి గీత, 155 దగ్గర శూన్యం, వెల్ అడుగు నుంచి కిందికి జారిన మసక, 70 పైన ముదురు బ్యాండు ఒకటి. ఆ 70ది హెర్గ్ పెట్టని మామూలు హెచ్‌ఈకేలో కూడా ఉంది. మూడుసార్లు చేశా, మూడుసార్లూ ఇదే. పెంటమిడిన్ అనే మందు ఇస్తే 155 తగ్గుతుందని చూపించాలి. కంట్రోల్ లేనులోనే లేనిది తగ్గిందని ఎలా చెప్పను? యాంటీబాడీ లాటు (బ్యాచి) చెడ్డదనుకుంటున్నా. కంపెనీకి రాసి మార్పించుకోవాలా, వేరేది కొనాలా?

గోదారిజెల్
లాటు సంగతి తర్వాత. శాంపిల్ ఎలా తయారుచేశారో ఒక్క ముక్క రాయలేదు. లైసిస్ బఫర్ ఏది, వేడి ఎంత, ఎంతసేపు, జెల్ ఎంత శాతం, ట్రాన్స్‌ఫర్ ఎలా?

ఓల్టేజిక్లాంపు
కరెంటు చూశారా? +20 మిల్లీవోల్టుల నుంచి −50కి దింపినప్పుడు టెయిల్ కరెంటు వస్తూ, ఒక మైక్రోమోలార్ ఈ-4031 (హెర్గ్‌ని ఆపే మందు)తో అది పూర్తిగా పోతుంటే చానెల్ పొర మీద ఉన్నట్టే. అప్పుడు 155 లేదంటే తప్పు సెల్సుది కాదు, బ్లాటుది.

చిన్నబ్యాండు
ఆటోమేటెడ్ ప్యాచ్‌లో (యంత్రంతో సెల్ కరెంటు కొలిచే పద్ధతి) టెయిల్ బాగానే ఉంది, ఈ-4031తో పోతోంది కూడా.
శాంపిల్: రిపా బఫర్, ఐసు మీద 30 నిమిషాలు, 14,000 జీ 15 నిమిషాలు, పై ద్రవం తీసుకుని లామ్లి బఫర్ (ఎస్‌డీఎస్ ఉన్న లోడింగ్ బఫర్) కలిపి 95 డిగ్రీలు 5 నిమిషాలు. లేనుకి 30 మైక్రోగ్రాములు. 10 శాతం జెల్. సెమీ-డ్రై, 15 వోల్టులు, 30 నిమిషాలు, నైట్రోసెల్యులోజ్. 5 శాతం పాలపొడితో బ్లాకింగ్. లోడింగ్ కంట్రోల్‌గా పెట్టుకున్న జీఏపీడీహెచ్ ప్రోటీను అద్దంలా వచ్చింది.

గోదారిజెల్
95 డిగ్రీలు. అక్కడే పోయింది.

హెర్గ్‌లో ఒక్కో సబ్‌యూనిట్‌కి పొర దాటే హెలిక్సులు ఆరు. వాటికి నీళ్లంటే గిట్టదు. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటు చుట్టూ చేరి వాటిని విడివిడిగా పట్టుకుంటుంది. ట్యూబుని 95కి తీసుకెళ్తే ఆ పూత చెదిరి హెలిక్సులు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ఒకసారి ముద్దకట్టాక డీటీటీ (డైసల్ఫైడ్ బంధాలు తెంచేది) ఎంత పోసినా విడిపోదు, ఆ పట్టు డైసల్ఫైడ్‌ది కాదు మరి. ఆ ముద్ద జెల్లో దూరలేక వెల్ అడుగునే కూర్చుంటుంది. మీ మసక అదే. జీఏపీడీహెచ్ నీళ్లలో కరిగే ప్రోటీను, దాన్ని ఎంత మరిగించినా ఏమీ కాదు. అందుకే అది అద్దంలా వచ్చి మిమ్మల్ని మోసం చేసింది.

ఒకే లైసేట్‌ని నాలుగు ట్యూబులు చేయండి. గది వేడిలో 30 నిమిషాలు, 37లో 30, 60లో 10, 95లో 5. అన్నిట్లో ఎస్‌డీఎస్ చివరికి 2 శాతం, డీటీటీ 100 మిల్లీమోలార్. పక్కపక్క లేన్లలో వేసి, చివర మామూలు హెచ్‌ఈకే లైసేట్ ఒకటి, అదీ 37లో పెట్టింది. స్టాకింగ్ జెల్ (వెల్స్ ఉండే పైభాగం) కోసి పారేయకండి, దాంతో సహా ట్రాన్స్‌ఫర్ చేయండి. ముద్ద ఎంత ఉందో అక్కడే తెలుస్తుంది.

ఐసుబకెట్టు
ఆడలేక మద్దెల ఓడన్నట్టు మనవాళ్లందరూ ముందు యాంటీబాడీనే తిడతారు.

కిలోడాల్టన్
నేను పూర్తిగా ఒప్పుకోను. 95లో పెట్టి 155 చూసిన బ్లాట్లు బోలెడు ఉన్నాయి, నా దగ్గరే ఉన్నాయి. మరిగించకపోతే వేరే తలనొప్పి: డీఎన్‌ఏ జిగట. రిపాతో న్యూక్లియస్ పగిలి శాంపిల్ జిగురులా పైపెట్టుకి సాగుతుంది, వెల్లో దిగదు, లేన్లు వంకర్లు పోతాయి. పైగా మరిగిస్తే ప్రోటియేజులు (ప్రోటీన్లని కోసే ఎంజైములు) చస్తాయి. 37లో అరగంట అంటే వాటికి విందు పెట్టినట్టే కదా.

గోదారిజెల్
@కిలోడాల్టన్ 155 కనిపించడం వేరు, ఉన్నదంతా జెల్లో దిగడం వేరు. ఎక్కువ ఎక్స్‌ప్రెషన్ ఉన్న లైనులో సగం ముద్దకట్టినా మిగతా సగం కనిపిస్తుంది. ఆ పోయే సగం ప్రతి ట్యూబులో ఒకేలా పోదు. ప్రోటీన్ చిక్కదనం, ఎస్‌డీఎస్ పాళ్లు, హీట్ బ్లాకులో ఏ గుంటలో పెట్టారు, అన్నిటిమీదా ఆధారపడుతుంది. పెంటమిడిన్ లేనులో 155 తగ్గితే అది మందు పనా, హీట్ బ్లాకు పనా? ఉందా లేదా చూడ్డానికైతే మీ ఇష్టం. కొలవాలంటే మాత్రం మరిగించొద్దు.

జిగట మాట నిజమే. 25 గేజ్ సూదిలోంచి ఏడెనిమిదిసార్లు లాగండి, లేదా ఐసు మీద 5 సెకన్ల సోనికేషన్ రెండు మూడుసార్లు. రిపాకి బదులు 1 శాతం ట్రైటన్ (మెత్తటి డిటర్జెంటు), 150 మిల్లీమోలార్ ఉప్పు, 50 మిల్లీమోలార్ ట్రిస్ వాడితే న్యూక్లియస్‌లు చాలావరకు పగలవు, సెంట్రిఫ్యూజ్‌లో కిందికి పోతాయి, జిగట గొడవే ఉండదు. ప్రోటియేజులకి లైసిస్ బఫర్‌లోనే ఇన్హిబిటర్ కాక్‌టెయిల్, పీఎంఎస్‌ఎఫ్ 1 మిల్లీమోలార్ అప్పటికప్పుడు. పీఎంఎస్‌ఎఫ్ నీళ్లలో ఎక్కువసేపు నిలవదు, పొద్దున కలిపిన బఫర్ సాయంత్రానికి పనికిరాదు.

కిలోడాల్టన్
కొలతల మాట వరకు సరే. ట్రైటన్‌తో ఒక చిక్కుంది, లిపిడ్ రాఫ్టుల్లో (పొరలో కొలెస్ట్రాల్ ఎక్కువున్న చోట్లు) ఉన్న భాగం చల్లటి ట్రైటన్‌లో సరిగ్గా కరగదు. పెల్లెట్‌ని పారేయకుండా ఒక్కసారైనా దాన్ని కూడా జెల్ మీద వేసి చూసుకోమనండి.

వెల్లులో_ముద్ద
మూకుడులో గడ్డకట్టిన ఉప్మాకి ఎన్ని నీళ్లు పోసినా గడ్డ గడ్డే. నా పేరు ఎలా వచ్చిందో ఇప్పుడు అందరికీ అర్థమై ఉంటుంది.

పొన్సోఎర్ర
వేడి సరే, జెల్, ట్రాన్స్‌ఫర్ కూడా ఈ ప్రోటీనుకి తగినవి కావు. 10 శాతంలో 135, 155 మీద మీద పడతాయి. 7.5 శాతం చేయండి. 75 మార్కరు జెల్ అడుగుకి చేరేదాకా నడపండి, అప్పుడు ఆ రెండింటి మధ్య వేలు పట్టేంత సందు వస్తుంది. జీఏపీడీహెచ్ జెల్ దిగి పోతుంది, పోనివ్వండి.

సెమీ-డ్రైలో అరగంటకి చిన్న ప్రోటీన్లు దాటతాయి, ఇవి సగమే దాటతాయి. వెట్ ట్యాంకు, 30 వోల్టులు, 4 డిగ్రీల గదిలో రాత్రంతా. మిథనాల్ 20 నుంచి 10 శాతానికి తగ్గించి ఎస్‌డీఎస్ 0.05 శాతం కలపండి, పెద్ద ప్రోటీన్లు జెల్లోంచి కదులుతాయి. మెంబ్రేన్ పీవీడీఎఫ్ 0.45 మైక్రాన్, ముందు మిథనాల్లో ముంచి. దాటాక పొన్సో (ప్రోటీన్లన్నిటికీ పట్టే ఎర్ర రంగు) వేసి పైభాగం నిండుగా ఉందో లేదో చూసి ఫోటో తీసుకోండి, అదే మీ లోడింగ్ కంట్రోల్.

ఇంకో ప్రశ్న. సెకండరీ (ప్రైమరీని, అంటే హెర్గ్ యాంటీబాడీని, పట్టే రెండో యాంటీబాడీ) ఏది వాడుతున్నారు? అది రాయలేదు.

చిన్నబ్యాండు
సెకండరీ బయోటిన్ పెట్టిన యాంటీ-ర్యాబిట్, తర్వాత స్ట్రెప్టావిడిన్-హెచ్‌ఆర్‌పీ (బయోటిన్‌ని పట్టే ప్రోటీనుకి సిగ్నల్ ఇచ్చే ఎంజైము అతికించింది). సిగ్నల్ పెరుగుతుందని ల్యాబులో ముందు నుంచీ అలాగే చేస్తున్నారు. ఎందుకు?

పొన్సోఎర్ర
అనుకున్నా. మీ 70 బ్యాండు హెర్గ్ యాంటీబాడీది కాదు.

సెల్స్‌లో సహజంగానే బయోటిన్ అంటుకున్న ఎంజైములు కొన్ని ఉంటాయి, మైటోకాండ్రియాలో కార్బాక్సిలేజులు. ప్రొపియోనైల్, మిథైల్‌క్రోటనైల్ కార్బాక్సిలేజుల ఆల్ఫా సబ్‌యూనిట్లు 72–75 దగ్గర, పైరువేట్ కార్బాక్సిలేజ్ 130 దగ్గర. స్ట్రెప్టావిడిన్ నేరుగా వాటికే అంటుకుంటుంది, ప్రైమరీతో పనిలేదు. మీ 70 పైన బ్యాండు మొదటి రకం. ఇక "135కి కాస్త కింద పలచటి గీత" అన్నారే, అది మామూలు హెచ్‌ఈకే లేనులో లేదని గట్టిగా చెప్పగలరా? ఎక్స్‌పోజరు పెంచి చూడండి.

చిన్నబ్యాండు
ఇప్పుడే పాత ఇమేజి తెరిచి కాంట్రాస్టు పెంచా. ఉంది. మామూలు హెచ్‌ఈకేలో కూడా అదే ఎత్తులో, అదే మందంలో. అంటే నేను ఇన్నాళ్లు హెర్గ్ అనుకున్నది...

పొన్సోఎర్ర
పైరువేట్ కార్బాక్సిలేజ్. మీ బ్లాటులో ఉన్న అసలు హెర్గ్ ఆ వెల్ మసక ఒక్కటే. అది హెర్గ్ లైనులోనే ఉందా, రెండిట్లోనూ ఉందా?

చిన్నబ్యాండు
హెర్గ్ లైనులోనే.

గోదారిజెల్
అయితే యాంటీబాడీ పాపం దాని పని అది చేస్తోంది. ముద్దలో ఉన్నా పట్టుకుంది.

వెల్లులో_ముద్ద
గుమ్మడికాయ దొంగ ఎవరంటే మైటోకాండ్రియా భుజాలు తడుముకుంది.

ఐసుబకెట్టు
స్ట్రెప్టావిడిన్ వాడుతూ పాలపొడి బ్లాకింగ్ కూడా అంటే రెండో తప్పు. పాలల్లో బయోటిన్ ఉంటుంది, అది స్ట్రెప్టావిడిన్‌ని మింగేస్తుంది. ఆ సిస్టమే మానేసి నేరుగా హెచ్‌ఆర్‌పీ పెట్టిన యాంటీ-ర్యాబిట్ 1:10,000 వాడండి. అప్పుడు పాలపొడి నిశ్చింతగా వాడుకోవచ్చు. అజైడ్ (చెడిపోకుండా కలిపేది) మాత్రం హెచ్‌ఆర్‌పీ ఉన్న ద్రావణంలో పడకూడదు, ఎంజైము పనిచేయదు. ప్రైమరీని 0.02 శాతం అజైడ్‌తో దాచి మళ్లీ వాడుకునేవాళ్లు సెకండరీకి ముందు మూడుసార్లు టీబీఎస్‌టీతో (కడిగే బఫర్) బాగా కడగాలి.

ఇక ఆ 1:200. వయల్ మీద మిల్లీలీటరుకి ఎంతుందో చూశారా? డైల్యూషన్ చెప్పుకోవడం దండగ, సాంద్రత చెప్పుకోవాలి.

చిన్నబ్యాండు
0.6 మి.గ్రా./మి.లీ. అని ఉంది. పొడిగా వచ్చింది, 50 మైక్రోలీటర్ల నీళ్లలో కరిగించా. రెండు నెలలుగా 4 డిగ్రీల్లో ఉంది.

ఐసుబకెట్టు
600 మైక్రోగ్రాముల్ని 200తో భాగిస్తే మిల్లీలీటరుకి 3 మైక్రోగ్రాములు. స్టేబుల్ లైనుకి ఇది ఎక్కువ, బ్యాక్‌గ్రౌండు లాగుతుంది. 1 మైక్రోగ్రాము దగ్గర మొదలుపెట్టండి, అంటే మీకు 1:600. అక్కడి నుంచి 0.5, 0.25 కూడా వేసి చూడండి. 4 డిగ్రీల్లో రాత్రంతా.

దాచే పద్ధతి: పొడి యాంటీబాడీ గది వేడిలో కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, అందుకే కస్టమ్స్‌లో నాలుగు రోజులు ఆగినా భయం లేదు. కరిగించాకే సుకుమారం. కరిగించే ముందు వయల్‌ని ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, పొడి మూతకి అంటి ఉంటుంది. 5 మైక్రోలీటర్ల చొప్పున పంచి −20లో. ఫ్రాస్ట్ దానంతటదే కరిగించుకునే ఫ్రిజ్‌లో వద్దు, అది రోజూ వేడెక్కి చల్లారుతుంటుంది. ఒకసారి తీసిన ట్యూబు మళ్లీ గడ్డకట్టించొద్దు. ఇన్‌సర్ట్‌లో 1 శాతం బీఎస్‌ఏ (ఆవు అల్బుమిన్ ప్రోటీను) ఉందని రాసి ఉంటే, దానికి మీరే ఫ్లోరోఫోర్ (మెరిసే రంగు) అతికిద్దామనుకోవద్దు, రంగంతా బీఎస్‌ఏకి పోతుంది.

నైలులో_నీళ్లు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పెప్టైడ్ (యాంటీబాడీ పట్టే ముక్క)తో బ్లాక్ చేస్తే సరిపోయేది కదా? యాంటీబాడీతో పాటు వచ్చిన యాంటిజెన్‌ని గంటసేపు కలిపి ఉంచి వేస్తే ఏ బ్యాండు పోతుందో అది అసలుది.

కిలోడాల్టన్
సరిపోదు. పెప్టైడ్ బ్లాక్ చెప్పేది "ఈ బ్యాండుని పట్టింది ఈ యాంటీబాడీయే" అని మాత్రమే. "ఈ బ్యాండు హెర్గే" అని కాదు. అదే యాంటీబాడీ పొరపాటున వేరే ప్రోటీనుని పట్టినా, పెప్టైడ్ కలిపితే ఆ బ్యాండు కూడా పోతుంది. మంచిదీ చెడ్డదీ ఒకేసారి మాయం.

నైలులో_నీళ్లు
కానీ స్ట్రెప్టావిడిన్ బ్యాండ్లు మాత్రం పోకుండా నిలబడేవి. ఈ కేసులో పనికొచ్చేదే.

కిలోడాల్టన్
ఈ కేసులో, ఒప్పుకున్నా. దానికి పెప్టైడ్ ఖర్చెందుకు, ప్రైమరీ లేకుండా ఒక స్ట్రిప్పు వేస్తే రూపాయి ఖర్చు లేకుండా అదే జవాబు. ప్రతి కొత్త యాంటీబాడీకి మొదటి రోజే చేయాల్సింది అది.

నిజమైన పరీక్ష జీన్ ఉన్న సెల్సు, లేని సెల్సు. 2016లో యాంటీబాడీల ధ్రువీకరణకి ఒక అంతర్జాతీయ బృందం ఐదు దారులు చెప్పింది: జీన్ తీసేయడం, యాంటీబాడీతో సంబంధం లేని పద్ధతితో పోల్చడం, వేరే చోటుని పట్టే రెండో యాంటీబాడీ, ట్యాగ్ పెట్టిన ప్రోటీను, పట్టి మాస్ స్పెక్‌లో చూడటం. అందులో పెప్టైడ్ బ్లాక్ లేదు. హెర్గ్ వాళ్లు అదృష్టవంతులు, మామూలు హెచ్‌ఈకేనే దాదాపు నాకౌట్‌లా (జీను తీసేసిన సెల్సులా) పనికొస్తుంది. గుండె కణజాలంతో చేసేవాళ్లకి ఆ సుఖం లేదు.

గోదారిజెల్
యాంటీబాడీ ఎపిటోప్ (అది పట్టుకునే చోటు) ఎక్కడుందో కూడా అడగాలి. బాగా వాడుకలో ఉన్న సీ-టెర్మినల్‌వి 1106 నుంచి 1159 దాకా ఉన్న ముక్క మీద చేసినవి, చానెల్ మొత్తం 1159 అమైనో ఆమ్లాలే కాబట్టి అది చిట్టచివరి కొస. దానికి రెండు పర్యవసానాలు. ఒకటి, ఆర్1014ఎక్స్ లాంటి మధ్యలో ఆగిపోయే మ్యుటేషన్ మీద పనిచేస్తుంటే ఆ ప్రోటీను ఉన్నా మీకు కనపడదు. "ఎక్స్‌ప్రెషన్ లేదు" అని రాసేస్తారు. రెండు, యూఎస్‌ఓ అనే పొట్టి ఐసోఫారానికి (అదే జీను నుంచి వచ్చే వేరే రూపం) ఆ కొస ఉండదు, అదీ కనపడదు. అలాంటప్పుడు ఎన్-టెర్మినల్ యాంటీబాడీ పక్కన పెట్టుకోవాలి.

ఆ ముక్కని జీఎస్‌టీ అనే వేరే ప్రోటీనుకి అతికించి కుందేలుకి ఇచ్చి ఉంటే, జీఎస్‌టీ యాంటీబాడీలు తీసేశారా లేదా డేటాషీటులో చూడండి. తీయకపోతే జీఎస్‌టీ ఫ్యూజన్ పుల్-డౌన్లకి దాన్ని వాడకూడదు.

ఈథర్‌డాన్సు
పక్క దారి: ఈ పేరు ఎక్కడిదో తెలుసుగా. 1960లలో కాలిఫోర్నియాలో ఒక పండు ఈగ మ్యూటెంటుకి ఈథర్ మత్తు ఇస్తే కాళ్లు టకటకా ఆడించిందట. అప్పట్లో గో-గో డాన్సు ఊపు మీద ఉంది, జీనుకి ఈథర్-ఎ-గో-గో అని పెట్టేశారు. మనిషిలో దాని బంధువుని 1994లో పట్టారు, మరుసటి ఏడాదే అది రెండో రకం లాంగ్ క్యూటీ జబ్బు (ఈసీజీలో క్యూటీ వ్యవధి పొడుగయ్యేది) జీను అని తేలింది. ఈగ స్టెప్పులేస్తే మనకి ఈసీజీలు.

వెల్లులో_ముద్ద
మన దగ్గర కనిపెట్టి ఉంటే తీన్మార్ చానెల్ అయ్యుండేది.

చిన్నబ్యాండు
నవ్వులు సరే, ఇంకో అనుమానం. 155 వచ్చాక అది నిజంగా పూర్తిగా పండిన ప్రోటీనే అని ఎలా రుజువు? ఎండో హెచ్ (ప్రోటీనుకి అంటిన చక్కెరని కోసే ఎంజైము) కిట్టు ఉంది ల్యాబులో.

గోదారిజెల్
చేయండి, కానీ కిట్టు కాగితాన్ని గుడ్డిగా నమ్మొద్దు. మొదటి మెట్టే "డీనేచరింగ్ బఫర్‌లో 100 డిగ్రీలు 10 నిమిషాలు" అని ఉంటుంది. మళ్లీ ఉప్మా. దాన్ని 37లో 20 నిమిషాలుగా మార్చుకుని, ఎంజైము కొంచెం ఎక్కువ, 37లో 2–3 గంటలు.

జరగాల్సింది ఇది. హెర్గ్‌కి చక్కెర అంటేది ఎన్598 (598వ అమైనో ఆమ్లం) దగ్గర. ఈఆర్‌లో (సెల్ లోపల ప్రోటీను తయారయ్యే చోటు) అంటిన ముడి చక్కెరతో 135. గాల్జీ (ఈఆర్ తర్వాతి మజిలీ) దాటి చక్కెర పెద్దదై పొర మీదకి చేరినది 155. ఎండో హెచ్ ముడి చక్కెరనే కోస్తుంది: 135 కొద్దిగా కిందికి దిగుతుంది, 155 కదలదు. పీఎన్‌జీఏస్-ఎఫ్ రెండిట్నీ కోస్తుంది, రెండూ కలిసి 135కి దిగువన ఒకే బ్యాండు అవుతాయి. పీఎన్‌జీఏస్-ఎఫ్‌ని ఎస్‌డీఎస్ చంపేస్తుంది, అందుకే అందులో ఎన్‌పీ-40 (మెత్తటి డిటర్జెంటు) పోయమంటారు, మర్చిపోతే ఏమీ జరగదు, "నా 155కి చక్కెర లేదు" అని పొరబడతారు. పొన్సోలో 36 దగ్గర కనిపించే బ్యాండు ఆ ఎంజైమే.

155 వెడల్పుగా మసకగా, 135 సన్నగా పదునుగా ఉండాలి. 155 గీత గీసినట్టు సన్నగా వచ్చిందంటే నేనైతే అనుమానిస్తా, చక్కెర కొమ్మలు ఒక్కో అణువుకి ఒక్కోలా ఉంటాయి కాబట్టి.

ఓల్టేజిక్లాంపు
పొర మీద ఉందా లేదా అన్నది ఇంకా నేరుగా తేల్చొచ్చు. బతికున్న సెల్స్‌కి ప్రోటీనేజ్-కె, 200 మైక్రోగ్రాములు/మి.లీ., 37లో 30 నిమిషాలు. బయట ఉన్న 155 పోతుంది, లోపల ఈఆర్‌లో ఉన్న 135 ఉంటుంది. 135 కూడా తగ్గితే సెల్స్‌కి చిల్లులు పడ్డట్టు, ఆ ప్లేటు లెక్కలోకి రాదు. ఆపడానికి పీఎంఎస్‌ఎఫ్, ఈడీటీఏ కలిపిన చల్లటి బఫర్‌తో మూడుసార్లు కడగాలి. లేకపోతే లైసిస్ చేశాక అది తన పని లోపల మొదలుపెడుతుంది.

ట్రాఫికింగ్_పోలీసు
పెంటమిడిన్ ప్రయోగం గురించి ఎవరూ మాట్లాడలేదు. టెర్ఫెనడిన్ లాంటివి చానెల్ రంధ్రంలో కూర్చుని వెంటనే కరెంటు ఆపుతాయి, 155 మామూలుగానే ఉంటుంది. పెంటమిడిన్, ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ చానెల్‌ని పొరదాకా రానివ్వవు. ప్యాచ్‌లో ఐదు నిమిషాలు వేసి చూస్తే పెంటమిడిన్ అమాయకురాలిలా కనిపిస్తుంది. అందుకే ఈ బ్లాటు అవసరం.

10 మైక్రోమోలార్, 24 గంటలు, 48 గంటలు రెండూ పెట్టండి. పొర మీద ఉన్న పాత 155కి సగం ఆయుష్షు సుమారు 11 గంటలు, అది పోయేదాకా ఆగకపోతే తేడా కనపడదు. నాలుగు గంటల్లో చూసి "పనిచేయలేదు" అనొద్దు. పక్కన బ్రెఫెల్డిన్-ఎ ఒక ప్లేటు: ఈఆర్ నుంచి గాల్జీకి దారి మూసేస్తుంది, 155 తగ్గి 135 మిగలాలి. అది రాకపోతే మీ బ్లాటు ట్రాఫికింగ్ (చానెల్ పొరదాకా చేరడం) చూపించే స్థితిలో లేదని అర్థం. బ్రెఫెల్డిన్ రాత్రి మించి ఉంచితే సెల్సు లేచిపోతాయి.

కొలిచేది ఒక్క 155 కాదు, 155 భాగించు (155 + 135). 135 పెరిగిందో తగ్గిందో దాన్నిబట్టి మందు ఎక్కడ కొట్టిందో తెలుస్తుంది. 155 తగ్గి 135 నిలిచి ఉంటే దారిలో ఆగింది. రెండూ తగ్గితే తయారీయే తగ్గింది, లేదా సెల్సు చస్తున్నాయి. ఒకే లైసేట్‌ని 5, 10, 20, 40 మైక్రోగ్రాములు వేసి సిగ్నల్ నేరుగా పెరుగుతోందో లేదో ముందు చూసుకోండి. ఇమేజరులో ఎర్రగా సాచురేట్ అయిన బ్యాండుకి అంకె వేసి ప్రయోజనం లేదు.

ఓల్టేజిక్లాంపు
దీనికి తోడు, పొటాషియం. బయట ద్రవంలో పొటాషియం లేకుండా కొన్ని గంటలు ఉంచితే పొర మీద హెర్గ్ లోపలికి వెళ్లి అరిగిపోతుంది, 155 పోతుంది. మామూలు డీఎంఈఎంలో 5.3 మిల్లీమోలార్ ఉంటుంది కాబట్టి గొడవ లేదు. కానీ ప్యాచ్ నుంచి మిగిలిన పొటాషియం లేని సెలైన్‌లో సెల్సు పెట్టి రాత్రికి వదిలేసి లైసిస్ చేస్తే మందు లేకుండానే మందు ఫలితం వస్తుంది. రక్తంలో పొటాషియం తగ్గినవాళ్లకి క్యూటీ ఎందుకు పొడుగవుతుందో చెప్పే కారణాల్లో ఇదొకటి.

పొన్సోఎర్ర
పొర ప్రోటీను లోడింగ్ కంట్రోల్ అని కొందరు సోడియం-పొటాషియం ఏటీపీయేజ్ వాడతారు. అది కూడా పది హెలిక్సుల ప్రోటీను, అదీ మరిగిస్తే ముద్దే. పైగా 100–110 దగ్గర పరిగెడుతుంది, 135కి దగ్గర. వింకులిన్ మరీ పక్కనే. ఎన్-క్యాడెరిన్ అయితే 135 మీదే కూర్చుంటుంది. నా ఓటు పొన్సోకే, పేరు చూసి అంటున్నానని అనుకోకండి.

కొత్త_కవర్‌స్లిప్
ఇదే యాంటీబాడీతో ఇమ్యునోఫ్లోరసెన్స్ (మెరిసే రంగుతో సెల్స్‌ని మైక్రోస్కోపులో చూడటం) చేస్తే సెల్ అంతా న్యూక్లియస్ చుట్టూ మెరుస్తోంది, అంచు మీద లేదు. ఫిక్స్ చేసి ట్రైటన్ వేయకుండా చేస్తే అసలేమీ లేదు. ఏది నమ్మాలి?

ఐసుబకెట్టు
సీ-టెర్మినల్ కొస సైటోప్లాజంలో ఉంది. పొర తెరవకపోతే యాంటీబాడీకి అందదు, అందుకే ఏమీ రాలేదు. అది సరైన ఫలితమే, మీకు ఉచితంగా దొరికిన కంట్రోల్ అనుకోండి. తెరిస్తే ఈఆర్‌లో ఉన్న 135, పొర మీది 155 రెండూ వెలుగుతాయి, ఈఆర్‌ది దట్టం కాబట్టి అంచు మునిగిపోతుంది. అంచు ఒక్కటే కావాలంటే ఎస్1–ఎస్2 మధ్య బయటి లూపు మీద చేసిన యాంటీబాడీ తీసుకుని, బతికున్న సెల్స్‌కి 4 డిగ్రీల్లో గంటసేపు ఇచ్చి, కడిగి, ఆ తర్వాత 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 10 నిమిషాలు. 37లో ఇస్తే యాంటీబాడీతో సహా చానెల్ లోపలికి పోయి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. లేదంటే అదే లూపులో హెచ్‌ఏ ట్యాగ్ (గుర్తుగా అతికించే చిన్న ముక్క) పెట్టిన హెర్గ్ వాడండి, హెచ్‌ఏ యాంటీబాడీలు దీనికంటే శుభ్రం.

చిన్నబ్యాండు
ఫలితం. నాలుగు వేడిల జెల్ అయింది. 7.5 శాతం, వెట్ ట్యాంకు రాత్రంతా, పీవీడీఎఫ్, ప్రైమరీ 1 మైక్రోగ్రాము, నేరుగా హెచ్‌ఆర్‌పీ సెకండరీ.

గది వేడి, 37: 155 మందంగా వెడల్పుగా, దాని కింద 135 సన్నగా. రెండు లేన్ల మధ్య తేడా చెప్పలేను.
60: రెండు బ్యాండ్లూ ఉన్నాయి, పలచబడ్డాయి, స్టాకింగ్ అంచు దగ్గర మసక మొదలైంది.
95: స్టాకింగ్ జెల్లో నల్లటి పట్టీ. 155 స్థానంలో ఎక్స్‌పోజరు పెంచితేనే ఏదో నీడ.
మామూలు హెచ్‌ఈకే: ఖాళీ. 70 లేదు, 130 లేదు.

ప్రైమరీ లేని స్ట్రిప్పు కూడా ఖాళీ. కంపెనీకి రాసిన ఫిర్యాదు మెయిలు ఇంకా డ్రాఫ్టులోనే ఉంది, తీసేస్తున్నా.

గోదారిజెల్
37 పెట్టుకోండి, గది వేడికంటే రోజు రోజుకీ ఒకేలా ఉంటుంది. మే నెలలో మన గది వేడి ఎవరికి తెలుసు.

కిలోడాల్టన్
95 లేను చూశాక నా పాత బ్లాట్లు రెండు మళ్లీ వేయాలనిపిస్తోంది. మాట వెనక్కి తీసుకోవడం కాదు, స్టాకింగ్ జెల్ నేనెప్పుడూ ట్రాన్స్‌ఫర్ చేయలేదు, అందుకు.

స్టెమ్‌సెల్‌గుండె
ఐపీఎస్ కార్డియోమయోసైట్లలో (స్టెమ్ సెల్స్ నుంచి తయారుచేసిన గుండె సెల్సు) నాకు నాలుగు బ్యాండ్లు వస్తున్నాయి, 155, 135, 95, 80. కింది రెండూ అరిగిన ముక్కలేనా?

గోదారిజెల్
కాకపోవచ్చు. గుండెలో 1ఏతో (ఇంతసేపూ మాట్లాడుకున్న పూర్తి హెర్గ్) పాటు 1బీ ఐసోఫారం కూడా ఉంటుంది, ఎన్-టెర్మినల్ పొట్టిది, 819 అమైనో ఆమ్లాలు. సీ-టెర్మినల్ ఒకటే కాబట్టి యాంటీబాడీ రెండిట్నీ పడుతుంది. 95 దాని పండిన రూపం, 80 ముడి రూపం. ఎండో హెచ్ వేయండి: 80 దిగి 95 నిలబడితే 1బీ. 1ఏ ఎన్-టెర్మినల్ యాంటీబాడీతో అవి మాయం కావాలి. రెండూ కుదిరితే అరిగిన ముక్క అనే మాట మర్చిపోండి.

నైలులో_నీళ్లు
పెద్ద ఎలుక కాదు, చిట్టెలుక గుండె లైసేట్‌లో 50 మైక్రోగ్రాములు వేసినా ఏమీ రావట్లేదు. వేడి 37, అన్నీ పైన చెప్పినట్టే.

ఓల్టేజిక్లాంపు
పెద్దయిన చిట్టెలుక వెంట్రికిల్‌లో ఈ కరెంటే చాలా తక్కువ, దాని గుండె వేరే పొటాషియం చానెళ్లతో నడుస్తుంది. గినీ పిగ్ లేదా కుందేలు గుండె తీసుకోండి. కుందేలైతే సెకండరీ యాంటీ-ర్యాబిట్ కాబట్టి కణజాలంలో ఉన్న దాని సొంత ఐజీజీ (యాంటీబాడీ) 50, 25 దగ్గర వెలుగుతుంది, కంగారుపడొద్దు.

పొన్సోఎర్ర
మొత్తం లైసేట్ కాకుండా పొర భాగం వేరుచేయండి. సుక్రోజ్ బఫర్‌లో నూరి, 1,000 జీ 10 నిమిషాలకి న్యూక్లియస్‌లు, ముక్కలు తీసేసి, పై ద్రవాన్ని 1,00,000 జీ గంటసేపు తిప్పండి. ఆ పెల్లెట్ 50 నుంచి 100 మైక్రోగ్రాములు. దాన్ని కరిగించేటప్పుడు తొందరపడి హీట్ బ్లాకు ఆన్ చేయకండి.